కావలినిద్ర ఎవరి మాట?

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మొదలయ్యే ఆట అది. కైరో నడిబొడ్డున ఆ పాత హాలులో ఎనిమిదో వరసంతా వాళ్ళదే, పదకొండు మంది. తెర మీద 'దూరపు రేవు' ఏడో సినిమా. మొదటిది వచ్చి ముప్పై తొమ్మిదేళ్ళయింది. ఆరోది వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళూ ఆ పదకొండు మందీ ఒకరి బుర్ర ఒకరు తింటూ దీని కోసం ఎదురుచూశారు.

రబాబ్ వరస చివర కూర్చుంది, ఒళ్ళో పుచ్చగింజల పొట్లం పెట్టుకుని. సినిమా గంటసేపు నడిచాక పాత సన్నివేశం ఒకటి వచ్చింది. నాలుగో సినిమా చివర కెప్టెన్ లోరిన్ ఓడ తలుపు తెరుచుకుని శూన్యంలోకి నడిచి వెళ్ళే ముందు చెప్పే మాట. తెర కింద అరబిక్ అక్షరాలు వెలిగాయి: ఆ చందమామ మీద పద్నాలుగు మందిని వదిలేసి వచ్చాను.

వరసంతా ఘొల్లున నవ్వింది.

"రబాబ్ లెక్క! రబాబ్ లెక్క!" అని ఎవరో అరిచారు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

రబాబ్ నవ్వలేదు. నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది.

లోరిన్ వదిలేసి వచ్చింది నలభై మందిని. ఇంగ్లీషులో నలభైకీ పద్నాలుగుకీ పలకడంలో తేడా తోకంత. పద్నాలుగేళ్ళ కిందట ఆ సినిమాకి అభిమానుల కోసం దొంగచాటుగా అరబిక్ మాటలు రాసిపెట్టింది రబాబే. అప్పుడు ఇంటర్నెట్ కోసేశారు. ఊరంతా వీధుల్లో ఉంది. షుబ్రాలో వాళ్ళ మేడ మీదుగా హెలికాప్టర్లు తిరుగుతుంటే, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్క నిఘంటువు పక్కన పెట్టుకుని, పదకొండు రోజులు కూర్చుని రాసింది. ఆ హెలికాప్టర్ మోతలో నలభై ఆమెకి పద్నాలుగుగా వినిపించింది. ఏడాది తరవాత తప్పు తెలిసి దిద్దింది గానీ, పాత ప్రతి అప్పటికే అరబ్బు దేశాలన్నీ చుట్టేసింది. అప్పట్నుంచీ ఎవరైనా చిల్లర తప్పు లెక్కపెడితే మిత్రులు దాన్ని 'రబాబ్ లెక్క' అంటారు.

ఆ తప్పు ఇప్పుడు సినిమా పంపిణీ కంపెనీ వాళ్ళ తెర మీద ఉంది.

అక్కణ్ణుంచి ఆమె సినిమా చూడలేదు, కింది అక్షరాలే చదివింది. ఓడలో జనం మంచుపెట్టెల్లో ఏళ్ళ తరబడి పడుకునే నిద్రకి 'కావలినిద్ర' అన్న మాట వచ్చింది. అది ఏ నిఘంటువులోనూ లేదు. సోహాగ్ ఊళ్ళో వాళ్ళ అమ్మమ్మ మాట, పాత సినిమాలకి రాసేటప్పుడు రబాబ్ వాడింది. చెరకు తోటకి కాపలా వెళ్ళిన తాత ఒక చెవి తెరిచిపెట్టి పడుకునే నిద్రని ఆవిడ అలా అనేది. కాసేపటికి 'మొలకగది' వచ్చింది. ఈ ఏడో సినిమాలోనే కొత్తగా కనిపించే గదులవి. ముందు వదిలిన ట్రైలర్ చూసి ఆ పేరు రబాబ్ ఏప్రిల్‌లో కట్టింది. కట్టి, రాసి, ఒక్కరికే పంపింది.

సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే నిలబడి చివరిదాకా చదివింది. అరబిక్ అనువాదం దగ్గర పంపిణీ కంపెనీ పేరుంది, అంతే.

*

హాలు వెనక సందులో కాఫీ దుకాణం ముందు నాలుగు బల్లలు కలిపి వేసుకుని కూర్చున్నారు. పుదీనా టీలు వచ్చాయి, రెండు హుక్కాలు వచ్చాయి. రెండోది నేల మీద పెట్టకముందే బుత్రోస్ బాబాయ్ అందుకున్నాడు. రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి, అరవయ్యారేళ్ళు. మొదటి సినిమాని అలెగ్జాండ్రియాలో మొదటి రోజే చూసినవాడు ఆ గుంపులో ఆయనొక్కడే. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెబుతుంటాడు.

"చచ్చిన లోరిన్‌ని లేపారు," అన్నాడు, హుక్కా గొట్టంతో బల్ల మీద కొడుతూ. "నాలుగో సినిమా చూసొచ్చి మూడు రోజులు భోజనం ముట్టలేదు నేను. జ్వరమేమో అని మా ఆవిడ తడిగుడ్డ వేసింది. ఇప్పుడొచ్చి 'అబ్బే, చావలేదండీ, పక్కనే మంచులో పడుకుంది' అంటారా? ఆ మూడు రోజుల భోజనం ఎవడు పెడతాడ్రా నాకు?"

"బాబాయ్, ఆవిడ బతికుందని ఐదో సినిమాలోనే సూచన ఉంది," అన్నాడు వగీహ్. ఈ గుంపుని కట్టింది అతనే. పగలు కట్టుడు పళ్ళ సెట్లు చేస్తాడు, మిగతా సమయంలో వీడియోలు చేస్తాడు. అతని మాటలు అరవై వేల మంది వింటారు. "ఆవిడ చేతి తొడుగు దొరకలేదని చెప్పారు కదా?"

"తొడుగు దొరక్కపోతే మనిషి బతికున్నట్టా? మా ఇంట్లో నా మేజోడు ఒకటి ఏడాదిగా దొరకట్లేదు. కాలు దొంగ ఎత్తుకుపోయాడనుకోవాలా?"

అందరూ నవ్వారు. షహ్ద్ నవ్వలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల, గుంపులో అందరికన్నా చిన్నది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"మీరేమన్నా అనండి బాబాయ్, ఆవిడ కళ్ళు తెరిచినప్పుడు నాకు ఏడుపొచ్చేసింది," అంది. "నేను ఆ సినిమా చూసేటప్పటికే ఆవిడ చచ్చిపోతుందని అందరూ చెప్పేశారు. ఒక్కసారైనా ఆవిడ బతికుండగా చూడాలని ఉండేది నాకు."

"అది చెప్పు!" అని వగీహ్ బల్ల మీద చరిచాడు. "ఈ ముసలాళ్ళకి ఏదొచ్చినా పాతదే గొప్ప. నేనైతే మంగళవారమే చెప్పాను, ఈ వరసలో ఇదే అన్నిటికన్నా గొప్పదని."

"మంగళవారం ఎలా చెప్పావు? ఇవాళ కదా విడుదల?" అన్నాడు బుత్రోస్.

"దుబాయ్‌లో ముందాటకి పిలిచారు కదా బాబాయ్. ఎర్ర తివాచీ మీద ఫోటో కూడా పెట్టాను. చూళ్ళేదా?"

"తివాచీ మీద నడిచినవాడి నాలిక కూడా తివాచీ అవుతుందన్నమాట."

రబాబ్ టీ గ్లాసు మీద చెయ్యి మూతలా పెట్టి కూర్చుంది. అరచెయ్యి కాలుతున్నా తియ్యలేదు.

"ఆవిడ చచ్చిపోయింది," అంది చివరికి. గొంతు మామూలుగా రాలేదు, పక్క బల్ల వాళ్ళు కూడా తిరిగారు. "చచ్చిపోయింది కాబట్టే ఐదో సినిమాలో ఓడలో వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకోకుండా ఆగారు. ఆవిడ ఖాళీ కుర్చీ చూసి ఆగారు. ఆరో సినిమాలో ఆ పిల్లాడు నీళ్ళు పంచింది ఆవిడ పేరు చెప్పి. ఇవాళ ఆవిడ లేచి కూర్చుని జోకులేస్తోంది. మరి వాళ్ళందరూ ఎవరి కోసం అంత మంచిగా బతికినట్టు? మూడు సినిమాలని చెత్తబుట్టలో వేసి దాని మీద కూర్చున్నారు. నువ్వేమో గొప్పది అంటావు!"

"అబ్బో. కోపం వచ్చిందండోయ్ ఉస్తాజాగారికి."

"పళ్ళికిలించకు. సమాధానం చెప్పు."

"చెప్తా. జనానికి ఆశ కావాలి. అందుకే లేపారు."

"ఆశ కాదు, పోస్టరు కావాలి. పోస్టరు మీద ఆవిడ మొహం కావాలి."

"నీకసలు సినిమా మీద కాదు కోపం, రబాబ్," అన్నాడు వగీహ్, అందరి వంకా చూసి నవ్వుతూ. "ఇందాకణ్ణుంచీ ఎందుకో మొహం మాడ్చుకునే ఉన్నావు."

అతను ఆ మాట అనకుండా ఉంటే ఆ రోజుకి ఆమె ఊరుకునేదేమో. గ్లాసు పక్కకి తోసింది.

"సరే, కోపం ఎందుకో చెప్తా. మొలకగది అన్న మాట వాళ్ళకెవరిచ్చారు?"

వగీహ్ నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళు మాత్రం ఫోన్ మీదికి పోయాయి.

"పద్నాలుగు అన్నది ఎవడైనా ఎత్తుకోవచ్చు. ఊళ్ళో తిరుగుతున్న ప్రతి అది. కావలినిద్ర కూడా ఎత్తుకోవచ్చు. చొక్కాల మీద కూడా వేసుకున్నారు. మొలకగది నా నోట్సులో ఉంది. ఆ నోట్సు నేను పంపింది నీకు. నీకొక్కడికే. మూడు వందల మాటలు. అందులో ఎన్ని వాళ్ళ తెర మీద ఉన్నాయో గంటన్నరసేపు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను ఇవాళ. చెప్పు, ఎవరిచ్చారు?"

వగీహ్ ఫోన్ బల్ల మీద బోర్లించాడు.

"మాటలు రాయించడానికి వాళ్ళకి వారం రోజులే టైముంది," అన్నాడు వగీహ్ మెల్లిగా. "పంపిణీ కంపెనీ సర్వత్ బే ఫోన్ చేసి, మీ కుర్రాళ్ళు వాడే మాటలేవో పంపండి, అభిమానులకి నచ్చేలా చేద్దాం అన్నాడు. నేను పంపాను. ఒక్క ఖిర్ష్ డబ్బు తీసుకోలేదు, మా అమ్మ మీద ఒట్టు."

"నన్నడిగావా?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంటావా?"

"అందుకే అడగలేదా?"

"రబాబ్, కొంచెం ఆలోచించు. నీ మాటలు ఇవాళ మొరాకో నుంచి ఇరాక్ దాకా ప్రతి హాల్లో వెలుగుతున్నాయి. ఇంట్లో కూర్చుని దొంగ ప్రతులకి రాసుకునేదానివి. ఎవరికి చెప్పుకుంటావు? పోలీసుల దగ్గరికెళ్ళి, అయ్యా, నేను దొంగతనంగా పెట్టిన దాన్ని వాళ్ళు దొంగిలించారని చెప్తావా? నిజానికి నాకు థాంక్స్ చెప్పాలి నువ్వు."

బుత్రోస్ బాబాయ్ హుక్కా గొట్టం కింద పడేశాడు. "ఒరేయ్, లేవరా ఇక్కణ్ణుంచి," అన్నాడు. "లేవకపోతే ఈ నిప్పులు తీసి నీ ఒళ్ళో పోస్తాను. నా మనవడి వయసుండుంటే చెంప పగలగొట్టేవాణ్ణి."

నలుగురు వగీహ్ వైపు మాట్లాడారు. సినిమా కోసమే కదా చేశాడు, తప్పేముంది అన్నారు. మిగిలినవాళ్ళు టీ చూస్తూ కూర్చున్నారు. షహ్ద్ రబాబ్ మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, కానీ నిజం చెప్పు, ఆ మాటల్ని అంత పెద్ద తెర మీద చూసి కొంచెమైనా సంతోషం కలగలేదా నీకు?"

పిల్ల మంచికే అడిగింది. రబాబ్‌కి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే సంతోషం నిజంగానే కలిగింది. కావలినిద్ర అన్న మాట వెలిగినప్పుడు, ఒక్క క్షణం, అమ్మమ్మ కళ్ళ ముందు కదిలి ఒళ్ళు పులకరించింది. ఆ క్షణాన్ని కూడా వీళ్ళే ఆమెకి దానం చేసినట్టు చేశారు.

చెయ్యి విదిలించుకుని లేచి వెళ్ళిపోయింది.

*

ఆదివారం అక్కడ పనిరోజు. మధ్యాహ్నం భోజనం మానేసి ముహందిసీన్ పేటలో పంపిణీ కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. రానివ్వరనుకుంది. సర్వత్ బే స్వయంగా గుమ్మం దాకా వచ్చి తీసుకెళ్ళాడు. చల్లటి గది, ఖర్జూరాలు, సన్నటి కాఫీ కప్పులు.

"మీ పని నాకు బాగా తెలుసు ఉస్తాజా," అన్నాడు. "మా అబ్బాయి మీ అక్షరాలు చదివే పెరిగాడు."

"అయితే నా పేరు వెయ్యండి."

"అక్కడే చిక్కు. మీ పేరు వేస్తే, దొంగ ప్రతులు చేసేవాళ్ళ దగ్గర తీసుకున్నామని మేమే ఒప్పుకున్నట్టు. మీకూ మంచిది కాదు అది. మీదేదో అనువాద కార్యాలయం కదా? ప్రభుత్వం గుర్తింపు ఉన్నది?" ఎంతో ఆప్యాయంగా అడిగాడు. "అలాంటి చోట పనిచేసేవాళ్ళకి ఇలాంటి గొడవలు దేనికి?"

బెదిరింపు కూడా ఖర్జూరంలా పళ్ళెంలో పెట్టి ఇచ్చాడనుకుంది రబాబ్.

"పేరు సంగతి తరవాత. ఆ పద్నాలుగుని నలభై చెయ్యండి. అది తప్పు. నేను చేసిన తప్పు."

సర్వత్ బే నవ్వాడు. "ఎవరు లెక్కపెడతారండీ? పద్నాలుగైతేనేం, నలభైయైతేనేం. ఉన్న మనుషులు కాదు కదా."

"నేను లెక్కపెడతాను," అంది రబాబ్. "ఆ మిగతా ఇరవయ్యారు మందినీ పద్నాలుగేళ్ళుగా నేనే మోస్తున్నాను. నవ్వులాటకి బాగుంటుంది గానీ, ఆ తప్పు నాది. నా తప్పు మీదని చెప్పుకునే హక్కు కూడా మీకు లేదు."

కాఫీ ముట్టుకోకుండా బయటికొచ్చింది. మెట్లు రెండేసి చొప్పున దిగింది. భయమో కోపమో ఆమెకే తెలియలేదు.

తిన్నగా తన ఆఫీసుకి పోయింది. రోజంతా జనన ధ్రువపత్రాలూ, విడాకుల కాగితాలూ, డిగ్రీ పట్టాలూ అనువదించి కింద ముద్ర వేసే పని ఆమెది. బల్ల ముందు కూర్చుని ఆఫీసు కాగితం తీసి రాసింది. పైన ఇంగ్లీషు మాట, పక్కన సరైన అరబిక్: నలభై మందిని. దాని కింద ఇలా రాసింది: 'దూరపు రేవు' మొదటి ఆరు సినిమాలకీ అనుమతి లేకుండా అరబిక్ మాటలు రాసి జనంలో పెట్టింది నేనే. నాలుగో దానిలో ఈ తప్పు చేసింది కూడా నేనే. ఏడో సినిమాలో ఈ తప్పుతో సహా తెర మీద ఉన్న ఈ కింది నూట ఎనభై మాటలు నావి. నన్ను అడక్కుండా తీసుకున్నారు. తన పూర్తి పేరు రాసింది. సంతకం పెట్టి, ముద్ర కొట్టి, ఫోటో తీసి, వగీహ్ ఇంటర్నెట్‌లో నడిపే అరవై వేల మంది అభిమానుల గుంపులోనే పెట్టింది. దొంగనని ఒప్పుకుంటే తప్ప ఆ మాటలు నావి అనలేనప్పుడు, ఒప్పుకుంటాను అనుకుంది.

గంటలో వగీహ్ దాన్ని తీసేశాడు. అప్పటికే వేల మంది దాచుకున్నారు.

తరవాత నాలుగు రోజులూ ఆమెకి ఫోన్ ముట్టుకోవాలంటేనే ఒళ్ళు మండింది. అక్కా నువ్వే మా రాణివి అన్నవాళ్ళున్నారు. పేరు కోసం చిల్లరపని చేసిన ఆడది అన్నవాళ్ళూ ఉన్నారు. సినిమా గొప్పదన్నవాళ్ళు, చెత్తన్నవాళ్ళు ఆ కాగితాన్ని అడ్డం పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు దుమ్మెత్తి పోసుకున్నారు. వగీహ్ ఒక వీడియో పెట్టాడు. పేరు చెప్పకుండా, స్నేహితుల్లో అసూయ గురించి మాట్లాడాడు. 

బుధవారం ఆఫీసు యజమాని ఫతూహ్ ఆమెని పిలిచి తలుపు వేశాడు.

"నా ముద్ర! మా నాన్న పెట్టిన ఆఫీసు ముద్ర, రాకెట్ల సినిమా కాగితం మీద కొట్టావు! రాయబార కార్యాలయం వాడు ఫోన్ చేసి నవ్వుతున్నాడు. ఏమనుకున్నావమ్మా నువ్వు?"

"అందులో రాసింది ప్రతి అక్షరం నిజం ఉస్తాజ్."

"నిజమైతే ఇంటి దగ్గర చెప్పుకో!"

ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ముద్ర లాక్కున్నాడు. ఇకనుంచి ఆమె అనువదిస్తే, కిందటేడు చేరిన కుర్రపిల్ల సంతకం పెట్టాలి.

గురువారం బుత్రోస్ బాబాయ్ ఫోన్ చేశాడు. మళ్ళీ వెళ్ళి చూశాడట.

"నలభై వేశారమ్మాయ్," అన్నాడు. "నా కళ్ళతో చూశాను. చడీ చప్పుడూ లేకుండా మార్చేశారు. చివర్లో నీ పేరు కూడా వెతికాను. లేదు."

"కావలినిద్ర?"

"ఉంది."

"మంచిది బాబాయ్," అంది గానీ, మంచిగా అనిపించలేదు. ఆమె దిద్దుబాటు కూడా వాళ్ళే తీసేసుకున్నారు.

*

రెండు వారాల తరవాత, ఒక శనివారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే వగీహ్. చేతిలో బస్బూసా మిఠాయి పెట్టె. గడ్డం మాసి ఉంది.

"లోపలికి రమ్మనవా?"

"అక్కడే చెప్పు."

"గుంపు సగానికి సగం ఖాళీ అయిపోయింది. షహ్ద్ కూడా వెళ్ళిపోయింది తెలుసా. వెళ్తూ నన్ను ఎన్ని తిట్టిందో! ఆ పిల్లకి అన్ని తిట్లు ఎక్కడొచ్చాయో." కొంచెం నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు. "తప్పు చేశాను రబాబ్. అడగాల్సింది. ఆ వీడియో కూడా తీసేశాను."

రబాబ్ గుమ్మానికి చెయ్యి ఆన్చి నిలబడింది. పదిహేడేళ్ళ స్నేహం. కాలేజీలో మొదటి సినిమా క్యాసెట్టు ఆమెకిచ్చిందే ఇతను. కోపం పూర్తిగా పోలేదు గానీ, దాని అడుగున ఎక్కడో ఏదో మెత్తబడుతున్నట్టే ఉంది. ఒక పిచ్చివాడు, ఆ సినిమా మీద ప్రేమతో గుడ్డిగా చేశాడని ఈ రెండు వారాల్లో ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. నచ్చింది కాబట్టి చేశాడు. నచ్చడం తప్పు కాదు.

"ఇంకోటి కూడా చెప్పాలి," అన్నాడు వగీహ్, పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ. "ఆ రోజు నువ్వన్నదే నిజం. లోరిన్‌ని లేపకూడదు. దుబాయ్‌లో ఆవిడ కళ్ళు తెరవగానే ఇదేం ఖర్మరా అనుకున్నా. సినిమా చెత్త."

రబాబ్ అర్థం కానట్టు చూసింది.

"ఏమన్నావు?"

"చెత్త అన్నా. మన ఇద్దరికీ తెలుసు కదా."

"నీకు నచ్చలేదా?"

"ఎలా నచ్చుతుంది చెప్పు? కానీ పిలిచి, విమానం టికెట్టిచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టాక..."

"నీకు నచ్చలేదు," అంది మళ్ళీ. "అందరి ముందూ బల్ల చరిచి గొప్పదన్నావు. బుత్రోస్ బాబాయ్‌ని ముసలాడన్నావు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే 'అది చెప్పు' అన్నావు. నీకు నచ్చకుండానే."

"అదే చెబుతున్నాను, తప్పయిందని..."

"నిజంగా నచ్చిందనుకున్నాన్రా నేను!" ఆ కేక మెట్ల మీద కింది అంతస్తు దాకా వినపడింది. ఎవరో తలుపు తీసి మళ్ళీ వేసుకున్నారు. "దాన్ని ప్రేమించే నా మాటలు ఇచ్చావనుకున్నాను. క్షమించడానికి అదొక్కటే మిగిలింది నాకు. రెండు వారాలుగా దాన్ని పట్టుకుని కూర్చున్నాను. నువ్వు వాళ్ళకి నా మాటలిచ్చావు, నీ నోరిచ్చావు. చేతిలో స్వీటు పట్టుకొచ్చి అది కూడా చెబుతున్నావు!"

"రబాబ్..."

"పో."

"పెట్టె అయినా తీసుకో."

ఆమె తలుపు వేసింది. గడియ పెట్టింది. అవతల అతను కాసేపు నిలబడ్డాడు. పెట్టె నేల మీద పెట్టిన చప్పుడైంది, తరవాత మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు. ఒక అంతస్తు దిగాక ఆగింది. మళ్ళీ దిగింది.

పెట్టె బయటే ఉంది. చీమలు పట్టినా సరే, తలుపు తియ్యకూడదనుకుంది.  వంటింట్లోకి వెళ్ళి కుళాయి కింద మొహం పెట్టింది. తరవాత బల్ల దగ్గరికొచ్చి, ఇంటికి తెచ్చుకున్న పని ముందేసుకుంది. ఎవరో మన్సూరా మనిషి విడాకుల పత్రం. సోమవారానికల్లా ఇంగ్లీషులో కావాలట. ఇష్టపూర్వకంగా విడిపోయారన్న వాక్యం దగ్గర కలం ఆగింది. ఒత్తి, కాగితం చిరిగేంత ఒత్తి, ఆ మాట రాసింది.